మేళం జాగ పుష్ప పేరిట

నిజామాబాద్ జిల్లా రాంపూర్ వాస్తవ్యుడను, కీర్తిశేషుడు చిందుల గంగారాం రెండో కొడుకును, ప్రస్తుతం సౌదీ అరేబియా జెద్దా నగరంలో కంపెనీ క్యాంపులో ఉంటున్న చిందుల హన్మాండ్లు అనే నేను, నా యాభై ఒకటో ఏట రాయించుకుంటున్న వీలునామా. నా బుద్ధి నా దగ్గరే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నేను చెబుతుంటే నా స్నేహితుడు బాబ్జాన్ రాస్తున్నాడు. మళ్లీ యుద్ధం వస్తుందని టీవీల్లో చెబుతున్నారు. పూర్తిగా ఇంటికి వెళ్లిపోవడానికి ఫైనల్ ఎగ్జిట్ ఇమ్మని, నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్‌ను అడిగాను. క్షేమంగా ఇల్లు చేరితే ఈ పనులన్నీ నేనే చేసుకుంటాను. చేరకపోతే నా మాట ఇది.

1. రాంపూర్‌లో నేను కట్టించిన ఇల్లు నా భార్య పోచవ్వ బతికున్నన్నాళ్లు ఆమెదే. ఆమె తదనంతరం నా కొడుకు కుమార్‌కు చెందుతుంది. ఈలోగా ఆమెను వెనక గదిలోకి సర్దే హక్కు ఎవరికీ లేదు. ముందుగదిలో ఫ్యాను కింది మంచం ఆమెది.

2. మా అన్న భూమేష్‌కు నా ఉన్ని రగ్గు. మాది ఊరూరా తిరిగి యక్షగానాలాడే చిందు మేళం. మా నాయిన రాజు వేషం కడితే పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఆయన పోయిన ఏడాది కరువొచ్చింది, మేళం చెదిరిపోయింది. అన్న ఆ వేషాల కిరీటాలు, భుజకీర్తులు ఉన్న పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. "ముందు కడుపు నిండనియ్‌రా. ఆట ఎటు పోతది" అన్నాడు. ఆ ఏడు ఇంట్లో గింజలు లేని మాట నిజం. అన్న మాట తప్పని నేననను. కానీ పెట్టె పోయిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. అన్న చలికి ఓర్వలేడు కనుక రగ్గు ఇస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

3. ప్లైవుడ్ కిరీటం బాబ్జాన్‌కు. ఇతనిది కడప, లారీ డ్రైవర్. ఖతీఫ్ క్యాంపులో నాతోనే ఉండేవాడు, తర్వాత ఇతనూ జెద్దా చేరాడు. అది అతనికే ఎందుకో నా పిల్లలకు తెలియాలి కనుక వివరంగా రాయిస్తున్నాను.

సౌదీకి వచ్చి ఖతీఫ్‌లో షట్టరింగ్ చెక్కపనికి కుదిరాను. కడుపు నిండింది. ఇంటికి డబ్బు పోయింది. ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ గొంతెత్తి పాడలేదు, కాలు కదపలేదు. అలా ఉండగా కువైట్ యుద్ధం ముంచుకొచ్చింది. సైరన్లు మొదలయ్యాయి. దహ్రాన్ వైపు మిస్సైళ్లు పడుతున్నాయని విని, మా కాంట్రాక్టరు పాస్‌పోర్టులు తన దగ్గరే పెట్టుకొని జెద్దా పారిపోయాడు. మెస్ బియ్యం అడుగంటింది. గ్యాసు మాస్కులు మాదాకా రాలేదు. మనుషులు పగలంతా మంచాల కింద పడుకునేవారు. ఎవరితో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఒక సాయంత్రం బాబ్జాన్ లేచి, "ఏమన్నా ఆడు సామీ. ఇట్ల పీనుగుల మాదిరి పడుండడం నావల్ల కాదు" అన్నాడు.

సైటు నుంచి తెచ్చిన ప్లైవుడ్ ముక్కలతో కిరీటం కోశాను. సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం అతికించాను. వేషానికి ముఖాన రాసుకునే అర్దలం లేదు, పసుపు పూసుకున్నాను. బాబ్జాన్ నీళ్ల డబ్బా మీద దరువు వేశాడు. మెస్ హాల్లో నేను రాజునై అడుగు పెట్టాను. ఆకలి ఉంది, భయం ఉంది. అయినా మా నాయిన గొంతు నా గొంతులో పలికింది. మంచాల కింద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. పాకిస్తానీ వంటవాడు కళ్లు తుడుచుకుంటూ, "రాజాసాబ్, కల్ ఫిర్" అన్నాడు, రేపు మళ్లీ ఆడమని. యుద్ధం ఆగేదాకా ఆట ఆగలేదు.

కాంట్రాక్టరు తిరిగొచ్చాక సూపర్‌వైజర్ నన్ను పిలిచి, "పనికొచ్చినవా, నాటకాలకొచ్చినవా?" అని జెద్దా సైటుకు మార్చాడు. క్యాంపులో నా నోరు మళ్లీ మూతపడింది.

4. జెద్దాలో ఆసుపత్రి సైకాలజిస్టు డాక్టర్ శ్రీలేఖ గారి కూతురికి నేను చెక్కిన ఏనుగు బొమ్మ. పోయినేడు నాకు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. పరీక్షల్లో ఏ రోగమూ కనిపించలేదు. ఆమె దగ్గరికి పంపారు.

"మీకేం కావాలి హన్మాండ్లు గారూ?" అని అడిగారామె.

"అన్నం సయించాలె మేడం. నిద్ర రావాలె."

"సరే. ఎవరూ అడ్డు చెప్పకపోతే మీరేం అవుతారు?"

నన్నెవరూ అంతవరకు ఆ మాట అడగలేదు. లేచి వచ్చేశాను. మళ్లీ వెళ్లినప్పుడు ఖతీఫ్ ఆట సంగతంతా చెప్పాను. ఆమె కాగితం మీద మెట్లు గీశారు. కింద తిండి, దాని మీద భయం లేని బతుకు, తర్వాత నా అనేవాళ్లు, ఆపైన గౌరవం. అన్నిటికీ పైన, మనిషి తాను ఏమి కాగలడో అది కావడం. "చాలామంది కింది నుంచి ఎక్కుతారు. అందరూ అదే వరసలో ఎక్కాలని ఈ మెట్ల సంగతి చెప్పినవాళ్లు కూడా అనలేదు. మీకు కింది మెట్లన్నీ ఉన్నాయి. అయినా జబ్బు పడ్డారు. పైమెట్టు మీద కాలు పెట్టి దిగొచ్చిన మనిషి మీరు" అన్నారు.

"నేను వేషగాన్ని మేడం" అన్నాను. అనగానే ఏడుపొచ్చింది.

ఆ వారమే పోచవ్వకు ఫోన్ చేసి, ఇంటికొచ్చి మేళం కడతానన్నాను. "ఇంత బతుకు బతికి మల్ల గజ్జెలు గడ్తవా? నలుగురు నవ్వరా?" అని ఫోన్ పెట్టేసింది. శుక్రవారం తనే చేసింది. "ఇల్లు గట్టినవ్, అన్నీ జేసినవ్. సెలవుకొచ్చిన ప్రతిసారి మొగం సూస్తనే ఉన్న. నువ్వు సంతోషంగ లేవు. రా" అంది. ఈ ముక్క ఆమెకు చదివి వినిపించాలి.

5. నా రంపాలు, చిత్రికలు, సుత్తెలు కుమార్‌కు. అతను రోడ్డు పక్క నా పేరిట ఉన్న అరెకరం అమ్మి దుబాయి వీసా కొనాలంటున్నాడు. వెళ్లాలనుంటే ఈ పనిముట్లతో సంపాదించుకొని వెళ్లాలి. ఆ అరెకరం అతనిది కాదు.

6. పై అరెకరం నా కూతురు పుష్పకు సర్వహక్కులతో. ఆమె కుట్టు పని చేస్తుంది. నేను సెలవులకు వెళ్లినప్పుడు అడిగి అడిగి చెప్పించుకొని వాకిట్లో అడుగులు నేర్చుకుంది. "నాయినా, నువ్వొస్తె నేను రాజు వేషం గడ్త" అని మొన్న ఫోన్లో అంది. ఆ జాగలో మేళం నడపాలి. మరి దేనికీ వాడరాదు, అమ్మరాదు.

7. నేను ఇక్కడే చనిపోయి శవం పంపడం ఆలస్యమైతే ఇక్కడే పూడ్చండి. శవం కోసం ఇంటివాళ్లను నెలల తరబడి కూర్చోబెట్టవద్దు.

8. ఏడో అంశం రాశాక బాబ్జాన్ కలం ఆపి, ఆరో అంశం చూపిస్తూ "ఆ పాపకు ఇష్టం లేకుంటేనో?" అన్నాడు. "నా బిడ్డకు ఇష్టమే" అన్నాను. "ఈ పొద్దు ఇష్టమే సామీ. రేపు?" అన్నాడు. కోపంతో లేచి క్యాంపు బయట చాలాసేపు తిరిగొచ్చాను. మా అన్న నన్ను కడుపు పేరు చెప్పి ఆపాడు. సూపర్‌వైజర్ పని పేరు చెప్పి ఆపాడు. నేను నా బిడ్డను మేళం పేరు చెప్పి కట్టేయను. కాబట్టి ఆరో అంశంలోని చివరి రెండు వాక్యాలు రద్దు. ఆ జాగలో పుష్ప మేళం కట్టనీ, కుట్టు దుకాణం పెట్టుకోనీ, అమ్ముకొని మరెక్కడికైనా వెళ్లి ఇంకేదైనా కానీ. కుమార్ గానీ, భూమేష్ గానీ, చచ్చిపోయిన నేను గానీ ఆమెను ఎందుకని అడగరాదు.

ఇందులోని మాటలు అమలయ్యేలా చూసే బాధ్యత బాబ్జాన్‌ది. ఇంతకుముందు నోటితో ఎవరికేం చెప్పినా అవి చెల్లవు.

జెద్దా, 14 ఫిబ్రవరి 2003

(సంతకం) చిందుల హన్మాండ్లు

సాక్షులు:
భూషణం, ఎలక్ట్రీషియన్, అదే క్యాంపు
ప్రేమలత, నర్సు, జెద్దా