ఎర్రదారం గుర్తు

అన్నయ్యా,

కోపంతో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో. మన వంశచరిత్ర పుస్తకం ప్రూఫులు పంపి అచ్చుతప్పులు చూడమన్నావు. చూశాను. ఒక్కటే తప్పు దొరికింది. బతికున్న మనిషిని చంపేశావు.

అమ్మమ్మ వాళ్ళమ్మను కన్నతల్లికి నువ్విచ్చింది అరవాక్యం: "మొదటి భార్య 1872లో ప్రసవంలో మరణించింది." ఆవిడ మొగుడికి, ఆ గడియారాలు బాగుచేసే తాతకు మాత్రం ఫొటోతో సహా నాలుగు పేజీలు! ఒళ్ళు మండి రికార్డుల ఆఫీసుకు వెళ్ళాను. పదకొండు రోజులు దుమ్ము తిన్నాను. "ఎవరమ్మా ఆవిడ, గొప్పవాళ్ళా?" అన్నాడు అక్కడి గుమాస్తా. "కాదండీ, మామూలు మనిషి" అన్నాను. "మామూలు మనిషికి ఇంత వెతుకులాటేంటమ్మా!" అని నవ్వాడు. అతన్ని తిట్టాల్సిన తిట్లు కూడా నీకే దాచాను.

1893 జననాల రిజిస్టరులో అమ్మమ్మ పుట్టుక ఉంది. సాక్షి గడిలో పేరు లేదు. "ప్రసవించిన ఆమె తల్లి, ఈ ఆసుపత్రిలో బట్టలుతికే మనిషి, చదువు రాదు" అని రాసి, ఆవిడ చేత గుర్తు పెట్టించారు. పోయిన ఇరవై ఒక్క ఏళ్ళకు! మూడు నిలువు గీతలు, వాటి మీద ఒక వాలుగీత. ఆ రోజుల్లో ఆసుపత్రిలో ఏ దుప్పటి ఎవరుతికారో తెలియడానికి ఒక్కొక్కరూ అంచున ఒక్కో గుర్తు కుట్టేవారట. అమ్మ దిండుగలీబుల మూలల్లో ఎర్రదారంతో నాచేత కుట్టించిన గుర్తు అదే, అన్నయ్యా.

బట్టలుతికి బతికిందని నీకు నామోషీనా? ఆ వాక్యం మార్చకపోతే నా పేరు కూడా కొట్టెయ్.

నీ చెల్లెలు

చెల్లాయ్,

తిట్లన్నీ అందాయి. అచ్చు ఆపించాను. కానీ నామోషీ పడి రాసిన మాట కాదది, అన్నీ తెలిసే రాశాను.

అమ్మ మంచాన పడ్డప్పుడు చెప్పింది. ఆ తాత చెయ్యి చేసుకునేవాడట. ఈవిడ రెండుసార్లు పారిపోతే రెండుసార్లూ పెద్దమనుషులు వెతికి పట్టుకొచ్చి అప్పగించారు. ప్రసవానికి ఆసుపత్రిలో చేరినప్పుడు మంత్రసాని కాళ్ళు పట్టుకుని, పురిట్లోనే అంటుజ్వరం వచ్చి పోయానని, శవాన్ని కూడా ఇవ్వరని తనే ఇంటికి కబురు పంపించుకుంది. చచ్చినదాన్ని ఎవరూ వెతకరు కదా. బిడ్డను మాత్రం వదులుకోక తప్పలేదు. ఆ బిడ్డ పెద్దదయ్యాక మంత్రసానే తల్లిని చూపించింది.

"ఆ అబద్ధం ఆవిడ ప్రాణం నిలబెట్టిందిరా, దాన్నలాగే ఉండనీ" అంది అమ్మ. నీకు చెప్పొద్దంది. నీ నోట్లో నువ్వుగింజ నానదని.

అన్నయ్య

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం తగ్గలేదు, నీ మీద నుంచి అమ్మ మీదకు మళ్ళింది. గీత వంకరపోయిందని విప్పించి, వేళ్ళు పొడుచుకున్నా వినకుండా మళ్ళీ మళ్ళీ కుట్టించింది నాచేత. అసలు సంగతి మాత్రం నీకు చెప్పింది. నాకెందుకు చెప్పలేదని అడగడానికి ఇప్పుడు అమ్మ లేదు. చాలాసేపు ఏడ్చాను.

ఆ మొగుడు బతికున్నన్నాళ్ళు ఆవిడకు ఆ అబద్ధం కావాలి. వాడు పోయి నూరేళ్ళయింది, ఇంకెవరికి భయపడి దాస్తాం? "మరణించింది" తీసేసి "తప్పించుకుంది" అని రాయి. మంత్రసాని సంగతీ రాయి. తప్పించుకున్న ఆ తల్లి పేరు దొరకలేదు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలెయ్.

అచ్చు కాగానే కబురు పెట్టు, ఎర్రదారం తీసుకుని వస్తాను. నూరు కాపీల్లోనూ ఆ ఖాళీలో గుర్తు నేనే కుడతాను. నాకు చూపు ఆనడం లేదు, సూదిలోకి దారం నువ్వు ఎక్కించాలి.

నీ చెల్లెలు