అన్‌ఫిట్‌కు పంచిన జిలేబీ

ఎడపల్లి,
శుక్రవారం.

రియాద్‌లో ఉన్న మా ఇంటాయనకు జ్యోతిరాణి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, వేణు, రమ్య, రెండు బర్రెలు అందరం క్షేమం. మీరూ బాగున్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకండి. మీ క్యాంపులో ఆరుగురు ఒక్క గదిలో ఉంటారు, నా మాట అందరూ వింటారు. సెలవు అయిపోయి దేవన్న తిరిగి వస్తున్నాడు కదా, పచ్చడి డబ్బాతో ఇదీ పంపిస్తున్నాను.

మొన్న ఫోన్‌లో అడిగినవాటికి జవాబులు. పసుపు బాగా ఊరింది, నీళ్లు వేణే పెడుతున్నాడు. వాడి ఛాతీ గురించి భయం వద్దు. సౌదీ పోవడానికి చేయించిన మెడికల్‌లో అన్‌ఫిట్ అని రాసింది ఊపిరితిత్తుల మీది ఒక్క మచ్చకే. టౌన్‌లో కంఠేశ్వర్ దగ్గరి డాక్టర్ ఎక్స్‌రే చూసి, "చిన్నప్పటి మచ్చమ్మా, రోగమేం లేదు, పోరడు బండ లెక్కున్నడు" అన్నాడు.

ఇక రెండోది. "కాయితం ఎవ్వరికీ సూపియ్యకుండ జిలేబీ ఎట్ల పంచినవే? ఊరంత నవ్వుతున్నరట" అని కోప్పడ్డారు. నిజమే, మన దగ్గర ఫిట్ వస్తేనే కదా తీపి పంచేది. నేను అన్‌ఫిట్‌కు రెండు కిలోలు పంచాను. "పాపం, ఇంగిలీసు సదువు రాదు, ఫిట్ అన్న ముక్కనే సూసింది" అని పక్కింటి గంగమణక్క అందరికీ చెప్పింది. నేనూ తలూపాను.

మీకొక్కరికే నిజం చెబుతున్నా. నాకు తెలుసు. అంతకు ముందు వారమే రమ్య ఒక ఇంగ్లిష్ పాఠం చదివింది. మాట ముందు 'అన్' తగిలిస్తే కాదనో లేదనో అర్థమట. కొన్నింటికి 'ఇన్', కొన్నింటికి 'డిస్', ఏది దేనికో గుర్తుపెట్టుకోవాల్సిందేనట. మన బిడ్డ మాత్రం ఇంట్లో అన్నింటికీ 'అన్' తగిలించింది. ఉప్పు మరిచిపోతే "అవ్వా, ఇయ్యాల అన్‌ఉప్పు పప్పా?" అంటుంది. అందుకే కాగితం మీది ఆ అయిదక్షరాలు కూడబలుక్కొని చదివి, అర్థమయ్యే సంతోషపడ్డాను. తల్లినై ఉండి ఇదేం సంతోషమని సిగ్గేసింది. అయినా కాళ్లు మిఠాయి దుకాణానికే పోయాయి. వేణు కూడా రెండు జిలేబీలు ఎక్కువే తిన్నాడు.

వాడికి మందులు వాడించి మళ్లీ మెడికల్ చేయించమన్నారు మీరు. చేయించను. మీకు ఫిట్ వచ్చిన రోజు కూడా నేనే ఊరంతా తీపి పంచాను. ఈ పదిహేడేళ్లలో మీరు ఇంట్లో ఉన్నదంతా కలిపితే రెండేళ్లు కాదు. కోపమొస్తే తిట్టండి, కానీ ఇంటికొచ్చి తిట్టండి. ఈసారి అక్కడ ఉండేందుకు అకామా రెన్యువల్ చేయించుకోకండి. ఫిట్‌గా ఉన్నప్పుడే రండి.

ఇట్లు,
మీ వేణు, రమ్యల అవ్వ
జ్యోతిరాణి