నాణేలు అమ్మేశాను

మధుకర్, కుక్కర్‌లో పప్పు ఉంది, అన్నం నువ్వే వండుకో. గ్యాస్ అతను వస్తే ఓటీపీ నీ ఫోన్‌కే వస్తుంది. బీరువాలో నా బంగారు నాణేల కోసం వెతకకు. నిన్న మదీనాగూడలో నాలుగూ అమ్మేశాను. నా జీతంతో కొన్నవే.

"ఇయాల్టి రేటే కడతం మేడం, గానీ కొన్నప్పుడు మీరిచ్చిన మజూరీ, టాక్స్ వాపస్ రావు" అన్నాడు షాపతను. రోజూ పొద్దున్నే ఫోన్‌లో రేటు చదివి వినిపించే నువ్వు ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు.

రేటు పడితే "ఇప్పుడమ్మితే లాసే" అన్నావు. పెరిగితే "జర ఆగు రోహిణీ, ఇంకా పెరుగుతది" అన్నావు. మూడేళ్ళలో అమ్మదగిన రోజు ఒక్కటీ రాలేదు. నేను ఉద్యోగం మానేసి సైకాలజీ చదువుతానంటే నీకు భయం. ఆ భయాన్ని రేటు వెనక దాచుకున్నావు. భయం నాకూ ఉంది. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఫీజు కట్టడానికి ఇవాళే ఆఖరు. గచ్చిబౌలి వెళ్తున్నాను. ఫోన్ చేయకు.

రోహిణి

సాయంత్రం నేను వచ్చేసరికి స్టూడెంట్‌నై ఉంటాను. నువ్వు సంతోషపడకపోయినా ఫరవాలేదు, సంతోషపడ్డట్టు మాత్రం నటించకు.