ఎదురుదిక్కు వాలిన కుట్లు

అక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. ఒక్కదాన్నే కూసొని కుట్టుకుంటున్ననని మా బిడ్డ స్వాతి నన్ను క్రాస్ స్టిచ్, అదే మన ఇంటూ గుర్తు కుట్టు, కుట్టేటోళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చేర్పించింది. అందరు మంచోళ్లే. ఎవరి కుట్టు ఎందాక వచ్చిందో ఫొటోలు పెట్టుకుంటరు.

నేను కుట్టిన నెమలి ఫొటో పెట్టిన. ఒకామె, "మీ కుట్లల్ల పై దారాలన్నీ మా వాటికి ఎదురుదిక్కు వాలినయి. మీది ఎడమ చెయ్యా?" అని అడిగింది. ఇన్నేండ్లు నేను గమనించనే లేదు. "కాదమ్మా, నేర్పిన మా అక్కది ఎడమ చెయ్యి. ఆమెను చూసి చూసి నాకూ గట్లనే వచ్చింది" అని రాసిన. సిగ్గేసి, విప్పి మళ్ల కుడతనన్న. "అస్సలు విప్పొద్దు" అని అందరు ఒక్కసారే రాసిండ్రు.

అప్పుడు దమ్మపేట నుంచి ఒక పిల్ల అడిగింది. "అమ్మా, నాది కూడా ఎడమ చెయ్యే. వీడియోలు చూసి కుడితే అంతా తికమక అయితుంది. మీరు నేర్పుతరా?"

అవ్, నేర్పుతనన్న. ఆదివారం వీడియో కాల్‌ల కూసుంటున్నం. అందుకే పొద్దటి నుంచి సూది ఎడమచేత్తో పట్టుకొని కుడుతున్న. వేలికి గుచ్చుకుంటనే ఉంది. నీ అంత సాఫీగా రాలేదు గానీ, ఆదివారానికి వస్తదిలే అక్కా.

నీ చెల్లె,
బూర్గంపాడు నుంచి