నూనెకు కొసరు

బందరు

వైదేహి పిన్నిగారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే ఆవకాయ పెట్టానండీ. నూనె రెండు లీటర్లన్నారు. మా ఇంట్లో లీటరు కొలత లేదు, చేపలు తూచే కాటానే ఉంది. లీటరు నువ్వుల నూనె తొమ్మిది వందల ఇరవై గ్రాములు తూగుతుందని బాబాయిగారు ఫోన్‌లో చెప్పారు. ఆయన లెక్కలో తప్పేం లేదు. చేపల వాసన తగలకుండా గిన్నె కూడా కొత్తదే కొన్నాం, మీరు అనుమానపడకండి.

తేడా అంతా మా ఆయన చేతితోనే వచ్చింది. కిలో ఎనిమిది వందల నలభై సరిగ్గా తూచి, అలవాటుకొద్దీ పైన ఇంకో గరిటె పోశాడు. కొసరు పడకుండా ఆయన చేతిలో ఏదీ కాటా దిగదు. తీసెయ్యమంటే, వేసిన కొసరు వెనక్కి తీస్తే బేరం పోతుందన్నాడు. మన జాడీతో మనకి బేరమేంటన్నా వినలేదు. నూనె ఎక్కువైందని ఇంకాసిని ముక్కలు తూచాడు. వాటికీ కొసరు పడింది. దాంతో కారం, ఆవపిండి చాలక అవీ తూచాడు. మళ్లీ నూనె తక్కువైంది. అప్పుడు కాటా అటక మీద దాచేసి, మిగతాది నేనే కంటి అంచనాతో కలిపాను.

ఇకనుంచి కొలతలన్నీ గ్లాసుల్లోనే చెప్పండి. రేపు ఆయన చేపల బండిలో గుడివాడ వస్తున్నాడు. ఈ ఉత్తరం ఆయన చూడకుండా సంచి అడుగున పెట్టాను.

ఉంటానండీ,
మీ బందరు అమ్మాయి

తా.క. మీరడిగింది ఒక్క సీసానే. ఆయన రెండు తెస్తున్నాడు. వద్దనకండి, నొచ్చుకుంటాడు. రెండోది కొసరు.