ఎండలో పెట్టిన తలుపు

దుమ్ముగూడెం కాపురస్తుడను, వడ్రంగి తోటపల్లి ఏసయ్యను, తండ్రి లూకయ్య, వయసు డెబ్బై ఒకటి, నా తదనంతరం అమలు కావలసిన ఏర్పాట్లు ఇందులో రాస్తున్నాను. చూపు తగ్గింది, ఎడమ మోకాలు వంగదు. బుద్ధి మాత్రం సరిగానే ఉంది. ఎవరూ చెప్పి రాయించలేదు. అమలు జరిపే బాధ్యత రిటైర్డు పోస్టుమాస్టర్ రవీందర్ గారిది.

1. పెంకుటిల్లు నా భార్య జోజమ్మకు, ఆమె బతికినంత కాలం. తర్వాత కొడుకు జస్టిన్‌కు, కూతురు హెప్సిబాకు చెరి సగం. వంటింటి గోడ పగలగొడతానని జస్టిన్ మూడేళ్లుగా అంటున్నాడు. జోజమ్మ ఒప్పుకుంటేనే.

2. పాత బంగళా వేలంలో కాళ్లు విరిగి వచ్చిన పడక కుర్చీ హెప్సిబాకు. దాని బెత్తం అల్లిక ఆమె పదో తరగతి సెలవుల్లో అల్లింది. ఒకచోట కన్ను తప్పింది. నేను సరిచేయలేదు. ఎవరినీ చేయనివ్వకూడదు.

3. మోటారు సైకిలు, షెడ్డు జస్టిన్‌కు. వాడు కొనిపెట్టిన, చెక్కను నున్నగా అరగదీసే మిషను డబ్బాలోనే ఉంది, అదీ వాడికే. అది పాత లక్కతో పాటు వందేళ్ల రంగును కూడా గీకేస్తుంది. షెడ్డును సెల్‌ఫోన్ దుకాణానికి కిరాయికి ఇస్తానన్నాడు. నాలుగో అంశం తీరేదాకా ఇవ్వడానికి వీల్లేదు.

4. ఉలులు, చిత్రిక పట్టే రందాలు, రంపాలు, లక్క కాచే గిన్నె, అన్నీ పర్ణశాల కోటేష్‌కు. నా దగ్గర పద్నాలుగేళ్లు పని చేశాడు. ఎందుకిస్తున్నానో రాయాలి.

2022 జులై వరదలో పర్ణశాల టీచరమ్మ భారతమ్మ గారి టేకు బీరువా మూడు రోజులు నీళ్లలో ఉంది. ఆమె అమ్మమ్మ నాటిది. బాగుచేయమని నాకిచ్చారు. నీళ్లు తాగిన పాత చెక్కను నెలల తరబడి నీడలో ఆరనివ్వాలి. ఈ సంగతి కోటేష్‌కు నేర్పింది నేనే. అప్పుడు షెడ్డు నిండా వరద మంచాలు, బల్లలు. కాలు పెట్టే చోటు లేదు. ఆగస్టులో ఎండ కాసిన ఒకరోజు, కోటేష్ లక్క కోసం భద్రాచలం పోయినప్పుడు, బీరువా కుడి తలుపును నేనే బయట పెట్టాను. సాయంత్రానికి నడిమి పలక పైనుంచి కిందికి పగిలింది.

భారతమ్మ గారు వచ్చి అడిగారు. షెడ్డులో ఆరుగురున్నారు. కోటేష్ పెట్టాడని చెప్పాను. "నేనా, మేస్త్రీ?" అని అతను ఒక్కసారే అడిగాడు. నేను రందా అందుకుని పనిలో పడ్డాను. "గింత పని తెల్వనోని చేతుల పెట్టుడు నాదే తప్పు" అని ఆమె బీరువాను ట్రాలీలో వేయించుకుని పోయారు. ఆ మాట ఊళ్లన్నీ తిరిగింది. పాత సామాను అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు పాల్వంచలో ప్లైవుడ్ కోస్తున్నాడు. రెండుసార్లు అక్కడికి పోయాను. ఎదురు హోటల్లో చాయ్ తాగి తిరిగొచ్చాను.

తలుపు పగిలింది నా వల్ల. కోటేష్ తప్పు లేదు. రవీందర్ గారు భారతమ్మ గారినీ కోటేష్‌నూ షెడ్డు ముందుకు పిలిపించి ఈ అంశాన్ని పది మందికి వినపడేలా చదవాలి. అటక మీది టేకు పలక ఆ తలుపు కోసమే ఉంచాను. వయసు కలుస్తుంది, చెక్క గీతలు కూడా కలుస్తాయి. కోటేష్ పనిముట్లు తీసుకోనంటే బతిమాలవద్దు. చదవడం మాత్రం మానవద్దు.

చేర్పు: సాక్షి సంతకానికి భారతమ్మ గారి దగ్గరికి పోయాను. చదవకుండా ఆమె సంతకం పెట్టరని తెలుసు. చదివారు. కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "సచ్చినంక చదివిస్తవా ఏసయ్యా? అప్పుడు కోటేష్ ఎవ్వలను అడగాలె? పోయి మొకం మీద చెప్పి రా. అప్పటిదాంక నేను సంతకం పెట్ట" అన్నారు.

మర్నాడు మొదటి బస్సుకు పాల్వంచ పోయాను. తోటి పనివాళ్లు వింటుండగానే కోటేష్‌కు చెప్పాను. అతను మిషను ఆపాడు. "నాకు తెల్వదా మేస్త్రీ" అన్నాడు. కోసిన ముక్కలు చాలాసేపు పేర్చాడు. ఆ తర్వాత "ఆ తలుపును గోడకు నిలబెట్టిండ్రా, పండబెట్టిండ్రా?" అని అడిగాడు. ముందురోజు ఆమె ఇంట్లో చూశాను, నిలబెట్టారని చెప్పాను. "మూడేండ్ల సంది గట్లనేనా? వంకర పోతది. పండబెట్టుమను" అన్నాడు.

ఆ తలుపు పనికి వస్తాననలేదు. రాననలేదు. కాబట్టి నాలుగో అంశం అట్లాగే ఉంటుంది.

ఈ సంగతి భారతమ్మ గారికి చెప్పాను. ఆమె లోపలికి పోయి, తలుపు పండబెట్టించి వచ్చి, కలం అడిగారు.

పర్ణశాల, 2025 నవంబరు 21.

(సంతకం) తోటపల్లి ఏసయ్య

సాక్షులు:
1. వెంకటేశ్వరరావు, కిరాణా వ్యాపారి, దుమ్ముగూడెం
2. భారతమ్మ, రిటైర్డు టీచర్, పర్ణశాల