స్నానాల గది గోడ మూయనివ్వకండి

ఏమండీ, పదింటికి బావగారు ప్లాస్టరింగుకి వస్తారు. వంటగది గోడ చేయనివ్వండి. స్నానాల గది గోడను మాత్రం నేను సాయంత్రం పని నుంచి వచ్చేదాకా ముట్టుకోనివ్వకండి.

ఆ గోడలో గమ్ము పూసిన ప్రతి పైపు జాయింటు మీదా పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. షవరు కింది మలుపు మీద టిక్కు లేదు. నిన్న ప్రార్థన వేళయిందని మధ్యలో లేచాను. గమ్ము పూశానో, ఉత్తినే దూర్చి వదిలేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. పైపుల్లో నీళ్ళు నింపి చూశాను. ప్రెషర్ మీటరు ముల్లు కిందికి దిగలేదు, ఎక్కడా కారడం లేదు. అయినా గమ్ము లేని జాయింటు కొన్నాళ్ళు ఆగి ఊడొచ్చని మనసు నిలవడం లేదు. అది ఊడకుండా చూడమని దేవుణ్ణి వేడుకున్నాను. నేను పూయాల్సిన గమ్ముకి ఆయన్ని పూచీ ఉండమనడం న్యాయమేనా? రాగానే ఆ మలుపు కోసేసి కొత్తది వేస్తాను.

"మా మరదలు వేసిన పైపులు కదరా, గొడుగు పట్టుకుని స్నానం చెయ్యి" అని బావగారు మళ్ళీ నవ్వుతారు. నవ్వనివ్వండి.

అన్నట్టు, గోడ ఎందుకు ఆపావని అడిగితే ఎప్పటిలా తప్పు మీ నెత్తిన వేసుకోకండి. మరిచిపోయింది నేనేనని చెప్పండి. మిగతా నలభై జాయింట్లూ వేసింది కూడా నేనే కదా.